కిటికీ అద్దాల పని – ఖాళీ వేళల్లో కొంత రాబడి

మన పాఠకులలో కొందరు, ముఖ్యంగా ఫిజీ నుంచి అమెరికా పడమటి తీరానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు, ఉన్న ఉద్యోగం విడువకుండా పైన నాలుగు డాలర్లు సంపాదించుకొనే మార్గమేదైనా ఉంటే వ్రాయమని అడుగుతున్నారు. మేము వాషింగ్టన్ రాష్ట్రంలో బాతెల్ అనే ఊళ్ళో ఉంటున్నాము. 2013 వేసవి నుంచి సాయంకాలాలూ శనివారాలూ ఇళ్ళకు వెళ్ళి కిటికీ అద్దాలు కడిగి తుడిచే పని చేస్తున్నాము. మేమంటే భార్యాభర్తలం ఇద్దరమే, మూడో మనిషి లేడు. ఈ పని గూర్చి మాకు తెలిసినది, చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ వివరిస్తాము.

మొదట ఈ పనికి మా ఇంట్లోనే ఒప్పుకోలేదు. మా ఇంటి పెద్దావిడ భోజనాల దగ్గర ఒక మాట అన్నది: "మీ తాత చెరకు తోటలో దొర కొలిచి ఇచ్చిన పని చేసి చేసి నడుం విరుచుకున్నాడు. మీరు ఇంకో సముద్రం దాటి వచ్చి ఇప్పుడు దొరల కిటికీలు తుడుస్తారా?" ఆ మాటకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. తరువాత దొరికింది. అదీ కొంత డబ్బు పోగొట్టుకున్న తరువాతనే.

గిర్మిటు గూర్చి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు గాని, పిల్లలకు అంకెలు తెలిసి ఉండడం మంచిది. 1879 నుంచి 1916 వరకు ఫిజీకి సుమారు 60,000 మంది ఒడంబడిక కూలీలుగా వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు అందులో దాదాపు 15,000 మంది. మన తెలుగువారు ఆ ఓడలలోని వారే. ఒడంబడిక ఐదేళ్ళు. రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు పని. మగవానికి రోజుకు ఒక షిల్లింగుకు తగ్గకుండా, స్త్రీకి తొమ్మిది పెన్నీలకు తగ్గకుండా కూలి అని కాగితం మీద ఉన్నది. టాస్కు పద్ధతిలో అయితే, సామాన్యుడైన ఆరోగ్యవంతుడు ఆరు గంటలు నిలకడగా చేస్తే పూర్తయ్యే పని ఒక టాస్కు. స్త్రీ టాస్కు అందులో ముప్పాతిక. నిబంధన చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఆరు గంటల పని అంటే ఎంత అని కొలిచేవాడు కులంబరు. చేసేవాడు కాదు. వాని కొలత పూర్తి కాకపోతే ఆ రోజు కూలికి కోత పడేది. మన పెద్దలు చెప్పే కష్టాలలో సగం ఆ కొలత దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు మా మొదటి ఇంటి సంగతి. నార్త్ క్రీక్ వైపు రెండంతస్తుల ఇల్లు. గుమ్మం ముందు నిలబడి, పైకి ఒకసారి చూసి, "120 డాలర్లు" అని చెప్పేశాము. వెనుకకు వెళ్ళి చూడలేదు. వెనుక వైపు మెట్ల మీది ఎత్తైన అద్దాలూ, స్నానాల గది కిటికీలూ, గళ్ళు గళ్ళుగా చిన్న అద్దాలు పొదిగిన తలుపులూ ఉన్నాయి. ఇద్దరం ఏడు గంటలు చేశాము, అంటే 14 గంటల మనిషి పని. భాగిస్తే గంటకు 8 డాలర్ల 57 సెంట్లు. ఆ ఏడాది ఈ రాష్ట్రపు కనీస వేతనమే గంటకు 9 డాలర్ల 19 సెంట్లు. సబ్బు, పెట్రోలు ఖర్చు ఇంకా తీయనే లేదు. ఇంటివారు చాలా మంచివారు, అడిగినంత ఇచ్చారు, చల్లని నిమ్మరసం కూడా ఇచ్చారు. కొలత తప్పు వేసినది మేమే. మాకు మేమే కులంబర్లమయ్యాము!

అందుచేత ఈ పనిలో మొదట నేర్చుకోవలసినది తుడవడం కాదు, లెక్కపెట్టడం. అయినా పనిముట్ల సంగతి ముందు చెప్పి, ఆ లెక్కకు తరువాత వస్తాము. పని తెలియకుండా లెక్క తెలియదు.

కావలసిన వస్తువులు కొద్దే. వెడల్పాటి బకెట్టు ఒకటి. టీ ఆకారపు పిడికి ఉన్నిలాంటి తొడుగు వేసిన తడి బ్రష్షు ఒకటి. స్క్వీజీలు రెండు, 10 అంగుళాలది, 14 అంగుళాలది. రబ్బరు పట్టీలు ఒక డజను. కుచ్చులు రాలని పాత నూలు గుడ్డలు ఒక పాతిక. అంటుకున్న మరకలు గీకే బ్లేడు ఒకటి. ఇవన్నీ కలిపి 2013లో మాకు 140 డాలర్లలో వచ్చాయి. నిచ్చెన వేరు. స్క్వీజీ అంటే పొడుగాటి పట్టీకి రబ్బరు బిగించిన పనిముట్టు, అద్దం మీది నీటిని ఒక్క లాగుతో దింపేది. ఇప్పుడు అందరూ వాడే తేలికపాటి ఇత్తడి స్క్వీజీని తయారుచేసినవాడు ఎత్తోరె స్తెక్కోనె అనే ఇటలీ వలసదారు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో తానూ కిటికీలు తుడిచినవాడే. అంతకు ముందున్న స్క్వీజీ బరువైన ఉక్కుది, రబ్బరు మార్చాలంటే బోలెడు మరలు విప్పవలసి వచ్చేది. ఆ బాధ పడలేక తేలికదాన్ని తయారుచేసి 1936లో పేటెంటు తీసుకున్నాడు. ఇతని కథ మా పెద్దావిడకు చెప్పాము. "వాడు కిటికీలు తుడవడం మాని స్క్వీజీలు అమ్ముకున్నాడుగా!" అన్నది. ఆవిడతో వాదించి గెలవడం కష్టం.

చేసే విధానం ఇది. బకెట్టు నీటిలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం కొన్ని చుక్కలు చాలు. నురుగు ఎక్కువైతే శుభ్రత ఎక్కువని కొత్తవారు అనుకుంటారు. ఎక్కువ సబ్బు అద్దం మీద పొరగా మిగులుతుంది. తడి బ్రష్షుతో అద్దమంతా, ముఖ్యంగా నాలుగు మూలలూ బాగా రుద్దాలి. పైన ఒక అంగుళం మేర గుడ్డతో పొడిగా తుడిచి, ఆ పొడి చోట స్క్వీజీ ఆనించి మొదలుపెట్టాలి. ఆ పొడి అంచు లేకపోతే పైనుంచి నీరు కారుతూనే ఉంటుంది. ఒక్కొక్క లాగు తరువాత రబ్బరును గుడ్డతో తుడవాలి. రెండో లాగు మొదటి లాగు మీదికి రెండంగుళాలు ఎక్కాలి. చివరికి అంచుల వెంట మిగిలిన సన్నని తడిని పొడి గుడ్డ చుట్టిన వేలితో ఒక్కసారి తీసేయాలి. మళ్ళీ మళ్ళీ రుద్దితే మరకలు మనమే పెట్టినట్లు. అద్దం మీద సన్నని గీతలా నీరు మిగులుతున్నదంటే రబ్బరు అంచు ఎక్కడో చిట్లింది. రబ్బరు తిరగేసి రెండో అంచు వాడుకోవచ్చు. రెండు అంచులూ పోతే పారేయాలి. పైసల రబ్బరు దగ్గర పిసినారితనం చేసి డాలర్ల సమయం పోగొట్టుకోవడం మేము మొదటి ఏడాదంతా చేశాము.

ఎండ మొహాన ఉన్న అద్దం జోలికి పోరాదు. స్క్వీజీ వచ్చే లోపలే సబ్బు ఎండిపోతుంది. కావున ఇంటి చుట్టూ నీడ వెంట తిరుగుతూ పని చేయాలి: ఉదయం పడమటి వైపు, సాయంకాలం తూర్పు వైపు. చెరకు కొట్టినవారి పిల్లలకు నీడ విలువ చెప్పనక్కరలేదు.

మాలో ఒకరు లోపల, ఒకరు బయట చేస్తాము. లోపలి పనికి ఆడమనిషి ఉంటే ఇంటివారికి నిశ్చింత. లోపల నేల మీద పాత దుప్పటి పరచి, కిటికీ గట్టు మీది బొమ్మలూ మొక్కల కుండీలూ తీసేముందు ఎక్కడివి అక్కడ ఫోటో తీసుకుంటాము, తిరిగి అలాగే పెట్టడానికి. దోమల జాలీలు ఊడదీసేటప్పుడు ఏ జాలీ ఏ కిటికీదో చాక్‌పీసుతో చట్రం మీద అంకె వేయాలి. ఒకే కొలత అనిపించిన రెండు జాలీలు అర అంగుళం తేడాతో ఒకదానిలో ఒకటి పట్టక మేము పడిన అవస్థ పగవారికి వద్దు.

ఇక అద్దం గూర్చి తెలియవలసిన ప్రమాదాలు రెండు. మొదటిది టెంపర్డ్ గ్లాసు, అంటే వేడి మీద గట్టిపరచిన అద్దం. తలుపులలోనూ, తలుపుల పక్కనూ, స్నానాల గదులలోనూ, మెట్ల దగ్గరా ఇదే ఉంటుంది. మూలలో చిన్న ముద్ర చూసి గుర్తుపట్టవచ్చు. తయారీలో అద్దపు పొడి రేణువులు దీని మీద అతుక్కుపోయి ఉండవచ్చు. బ్లేడు తగిలితే ఆ రేణువులు ఊడి, బ్లేడు కింద నలిగి, అద్దమంతా వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. అప్పుడు కనిపించవు. మరునాడు ఎండ పడ్డప్పుడు కనిపిస్తాయి. మేము పెయింటు చుక్కలు గీకబోయి ఒక పెద్ద జారుడు తలుపు అద్దాన్ని ఇలాగే పాడుచేశాము. కొత్త అద్దానికి 640 డాలర్లు మేమే ఇచ్చుకున్నాము. ఆ వేసవిలో రెండు నెలల మిగులు అందులో పోయింది. అప్పటి నుంచి టెంపర్డ్ ముద్ర ఉన్న అద్దం మీద బ్లేడు పెట్టము. మరక అలాగే ఉంటుందని ముందే చెప్పి, కాగితం మీద సంతకం చేయించుకుంటాము. మామూలు అద్దం మీద కూడా బ్లేడును బాగా తడిపి, ఒకే దిక్కుకు నడపాలి. వెనక్కూ ముందుకూ ఆడించరాదు.

రెండవది, రెండు పొరల అద్దాల మధ్య చెమ్మ. ఇక్కడి కిటికీలకు చలి ఆపడానికి రెండు అద్దాలు కలిపి సీలు చేస్తారు. ఆ సీలు పాడైతే లోపల పొగమంచు పట్టినట్లవుతుంది. దాన్ని బయటి నుంచి గాని లోపలి నుంచి గాని తుడవలేము, ఆ జంట అద్దాన్నే మార్చాలి. పని మొదలుపెట్టకముందే ఇలాంటివి చూపించి చెప్పకపోతే, పని అయిన తరువాత "ఇది తుడవలేదేం?" అని అడుగుతారు. ముందు చెబితే అది సమాచారం, తరువాత చెబితే సాకు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే కిటికీ చట్రాల పాత రంగులో సీసం ఉండవచ్చు. పొరలు లేచిన రంగును గీకవద్దు.

నిచ్చెన విషయంలో మాకు భయం ఎక్కువ. ఉండవలసినదే. నిచ్చెన గోడకు ఆనిన చోటు ఎంత ఎత్తులో ఉంటే అందులో నాలుగో వంతు దూరంలో దాని కాళ్ళు ఉండాలి: 16 అడుగుల ఎత్తుకు 4 అడుగులు. రెండు కాళ్ళు ఒక చేయి గాని, రెండు చేతులు ఒక కాలు గాని ఎప్పుడూ నిచ్చెన మీద ఉండాలి. చేయి చాచి అందుకోవలసి వస్తే దిగి నిచ్చెన జరపడమే మార్గం. కరెంటు తీగలకు 10 అడుగుల లోపలికి అల్యూమినియం నిచ్చెన రాకూడదు. బాతెల్‌లో వానలు ఎక్కువ, చెట్లు ఎక్కువ. చెక్క డెక్కుల మీదా పైకప్పుల మీదా నాచు పడుతుంది. తడిసిన నాచు మీద నిచ్చెన సబ్బు మీద పెట్టినట్లే. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళు వాలు మీద కట్టినవి. ముందు నుంచి రెండంతస్తులు, వెనుక నుంచి మూడు. ఆ మూడో అంతస్తుకు మేము ఎక్కము. పొడుగు గొట్టపు కర్ర చివర బ్రష్షు పెట్టి, లవణాలు తీసిన శుద్ధజలం పంపి నేల మీద నుంచే కడిగే సాధనం ఉన్నది. నీటిలో లవణం లేదు కనుక ఆరిన తరువాత చుక్కలు మిగలవు, గుడ్డతో తుడవనక్కరలేదు. ఖరీదు ఎక్కువ. మేము నాలుగో ఏట గాని కొనలేదు. బాతెల్ కుళాయిల్లోకి వచ్చేది కాస్కేడ్ కొండల నీరు, సహజంగానే లవణాలు తక్కువ. అందుచేత శుద్ధిచేసే పదార్థం ఎక్కువ కాలం వస్తుంది. బావి నీటితో తోటలు తడిపే ఇళ్ళలో మాత్రం అద్దాల మీద తెల్లని ఉప్పు మరకలు పేరుకుంటాయి. అవి మామూలు సబ్బుకు పోవు. వాటికి వేరే ధర చెప్పాలి, లేదా వద్దనాలి.

ఇప్పుడు లెక్క. ఇంటి చుట్టూ ఒకసారి నడిచి, అద్దాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. జారుడు కిటికీ ఒకటి కనిపించినా అద్దాలు రెండు. ఉదాహరణకు ఒక ఇంట్లో కింద 22 అద్దాలు, పైన 18 అనుకుందాము. లోపలా బయటా కలిపి కింది అద్దానికి 6 డాలర్లు, పై అద్దానికి 8 వేస్తే 132, 144, మొత్తం 276. జాలీలు 14, ఒక్కొక్కటి 2 డాలర్లు, 28. అంతా కలిపి 304 డాలర్లు. ఇద్దరికి మూడు గంటల పని, ప్రయాణం, సామాను దించడం ఎక్కించడం ఇంకో గంట. మొత్తం ఎనిమిది గంటల మనిషి పని. బీమా, పెట్రోలు, రబ్బరు కింద 24 డాలర్లు తీస్తే 280. అందులో సొంత ఉపాధి పన్ను సుమారు 40 పోతే 240. గంటకు 30 డాలర్లు. ఆదాయపు పన్ను దీనిపైన ఎవరి లెక్క వారిది. 2025లో ఈ రాష్ట్రపు కనీస వేతనం గంటకు 16 డాలర్ల 66 సెంట్లు, దానితో పోల్చి చూసుకోండి. ఈ ధరలు మీ ఊరికి సరిపోతాయని మేము చెప్పడం లేదు. మీ గంటలు మీరు ఆరు ఇళ్ళకు గడియారం చూసి వ్రాసుకుంటే మీ అద్దం ధర మీకే తెలుస్తుంది. గంటల లెక్కన ధర చెప్పవద్దని మాత్రం మా సలహా. గంటకింత అంటే ఇంటివారు మనలను చూస్తూ నిలబడతారు, చేయి తిరిగి త్వరగా చేసిన కొద్దీ మనకు వచ్చేది తగ్గుతుంది. అద్దానికింత అంటే అందరికీ ముందే తెలుసు, మన నేర్పు మనకే మిగులుతుంది.

పెద్దావిడకు మేము చెప్పిన జవాబు ఇదే. తాత చేసినదీ టాస్కే, మేము చేసేదీ టాస్కే. కాని ఇక్కడ టాస్కు కొలిచేది మేము, ధర చెప్పేది మేము, కుదరకపోతే నమస్కారం పెట్టి వచ్చేసేదీ మేమే. ఆవిడ ఒప్పుకున్నదని చెప్పలేము. మరుసటి వారం మా పాత గుడ్డలు ఉతికి ఆరేసి పెట్టింది.

ధర దగ్గర అసలు పరీక్ష మన వారి ఇళ్ళలోనే. బాతెల్‌లోనూ చుట్టుపక్కలా ఆంధ్ర, తెలంగాణల నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊళ్ళో దేవాలయం కూడా ఉన్నది. ఒకసారి ఒక ఇంట్లో పని చేస్తుంటే ఆ ఇల్లాలు ఫోనులో తెలుగులో మాట్లాడుతున్నది. "అమ్మా, ఈ కుండీ కొంచెం జరపనా?" అని అడిగాము. ఆవిడ ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మీరు తెలుగువాళ్ళా! ఏ ఊరండీ మీది?" "రాకిరాకి." "అది తూర్పుగోదావరిలోనా, పశ్చిమగోదావరిలోనా?" పసిఫిక్ సముద్రంలో అని చెప్పి, కథంతా చెప్పేసరికి టీ వచ్చింది, జంతికలు వచ్చాయి. మా మాటలో ఆవిడకు హిందీ వినిపించింది, ఆవిడ మాటలో మాకు ఇంగ్లీషు వినిపించింది. మా తాతల నోట విన్న కొన్ని పాత మాటలు ఆవిడ నాయనమ్మ కూడా అనేదట. అంతా అయిన తరువాత, లేచేటప్పుడు, "మనమూ మనమూ ఒకటే కదండీ, ఒక 50 తగ్గించుకోండి" అన్నది.

ఇటువంటి చోట కాదనడం ఎంత కష్టమో మన వారికి తెలుసు. తగ్గిస్తే ఆ మాట పదిళ్ళకు ప్రాకుతుంది. ఆ తరువాత తెలుగు ఇళ్ళన్నిటికీ అదే ధర. తగ్గించకపోతే పొగరంటారు. మేము చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాము: ధర తగ్గించము, కావాలంటే పని తగ్గిస్తాము. "అమ్మా, 50 తగ్గాలంటే ఈసారి జాలీలు వదిలేసి, ఎవరూ వాడని పై గదిలో మూడు అద్దాలు మానేద్దాము" అని నవ్వుతూనే చెప్పాము. ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, అన్నీ చేయమన్నది, పూర్తి డబ్బు ఇచ్చింది. మరో రెండు ఇళ్ళకు మా పేరు కూడా చెప్పింది. ఒక ఇంట్లో మాత్రం ఇదే జవాబుకు తలుపు వేసుకున్నారు. అదీ జరుగుతుంది.

కాలం సంగతి. ఇక్కడ వసంతంలో చెట్ల పుప్పొడి పసుపు పొడిలా అద్దాలకు పడుతుంది. జూలై, ఆగస్టులలో వాన అరుదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేవరకు వెలుతురు ఉంటుంది గనుక, ఐదింటికి ఉద్యోగం దిగివచ్చి కూడా చిన్న ఇల్లొకటి పూర్తి చేయవచ్చు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. అందుచేత ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే దీన్ని నమ్ముకోవాలి. దీపావళి ముందు మన ఇళ్ళవారూ, నవంబరు పండుగ ముందు అమెరికావారూ పిలుస్తారు. 2020 సెప్టెంబరులో అడవుల మంటల పొగ ఈ ప్రాంతమంతా కమ్మింది. రోజుల తరబడి పని లేదు, పొగ తగ్గిన తరువాత పిలుపులు వచ్చాయి.

ఇప్పుడు కాగితాల సంగతి. అన్నిటికన్న ముందుది వీసా. పౌరులూ గ్రీన్ కార్డు ఉన్నవారూ ఈ పని చేసుకోవచ్చు. హెచ్-1బి మీద ఉన్నవారు తమను పిలిపించిన యజమాని వద్ద తప్ప ఇలా సొంతంగా సంపాదించరాదు. శనివారమైనా, నగదైనా అది అనుమతి లేని పనే, స్థితికే ముప్పు. విద్యార్థి వీసావారూ అంతే. హెచ్-4 వారికి పని అనుమతి కార్డు చేతిలో ఉంటేనే. మా పని చూసి ఉత్సాహపడిన ఒక తెలుగు కుర్రవాడికి ఈ మాటే చెప్పి పంపాము.

తరువాత రాష్ట్రపు వ్యాపార లైసెన్సు. రెవెన్యూ శాఖ ద్వారా దరఖాస్తు చేస్తే యూబీఐ అనే తొమ్మిది అంకెల నంబరు ఇస్తారు. బాతెల్ నగరపు అనుమతి కూడా ఆ దరఖాస్తులోనే జోడిస్తారు. బాతెల్ కింగ్, స్నోహోమిష్ అనే రెండు కౌంటీల మీద పరచుకున్న ఊరు. పక్కనే వుడిన్‌విల్, కర్క్‌లండ్, మిల్ క్రీక్ ఉన్నాయి. ఏ ఊళ్ళో పని చేస్తే ఆ ఊరి నిబంధన అడగాలి. ఈ రాష్ట్రపు చట్టంలో ఒక విచిత్రం ఉన్నది: కిటికీలు కడగడం జానిటర్ సేవల కిందికి వస్తుంది, కాబట్టి అమ్మకపు పన్ను వసూలు చేయనక్కరలేదు. ఇంటి బయటి గోడలు కడిగితే మాత్రం అది వేరే తరగతి, అమ్మకపు పన్ను కట్టించుకోవాలి. కొత్తగా కట్టిన ఇంటిని శుభ్రం చేసే పనీ అంతే. "ఎలాగూ వచ్చారు, గోడ కూడా కడిగిపోండి" అన్నప్పుడు ఇది గుర్తుండాలి. మొత్తం రాబడి మీద బి అండ్ ఓ అనే రాష్ట్రపు పన్ను ఉన్నది, చిన్న వ్యాపారాలకు రాయితీ ఉన్నది. జీతాల మీద రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు గాని, కేంద్రానికి షెడ్యూల్ సి వేయాలి. ఏడాదికి నికరంగా 400 డాలర్లు దాటితే 15.3 శాతం సొంత ఉపాధి పన్ను మొదలవుతుంది. కారు మైళ్ళు వ్రాసిపెట్టుకోండి. 2025కు మైలుకు 70 సెంట్ల చొప్పున ఖర్చు కింద చూపవచ్చు. భార్యాభర్తలు కాక వేరే ఇద్దరు లాభం పంచుకుంటే అది భాగస్వామ్యం, దాని ఫారం వేరు.

బీమా లేకుండా ఒక్క ఇంటికి కూడా వెళ్ళవద్దు. అయితే పాలసీ చదివి చూడండి. మనం చేతితో పని చేస్తున్న వస్తువుకు జరిగిన నష్టం చెల్లదని కొన్నిటిలో ఉంటుంది. అంటే దీపం పగిలితే ఇస్తారు, అద్దం గీసుకుపోతే ఇవ్వరు! ఒక్క మనిషిని జీతానికి పెట్టుకున్నా రాష్ట్రపు కార్మిక బీమా కట్టాలి. 18 ఏళ్ళు నిండని పిల్లలను ఉద్యోగంలో పెట్టుకుని 10 అడుగులకు మించిన ఎత్తున పని చేయించడం ఈ రాష్ట్రంలో నిషేధం. వేసవి సెలవులే కదా అని పిల్లవాణ్ణి నిచ్చెన ఎక్కించే తండ్రులను చూశాము. మా అబ్బాయి జాలీలు కడగడం వరకే చేశాడు.

పిలుపులు ఎలా వస్తాయని అడుగుతారు. మేము మొదట 200 కాగితాలు అచ్చు వేయించి తలుపుల పిడులకు తగిలించాము. తపాలా పెట్టెల్లో వేయకూడదు. తపాలా బిళ్ళ లేని కాగితం అందులో వేయడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. నాలుగు పిలుపులు వచ్చాయి. ఆ నాలుగు ఇళ్ళ నుంచి మిగిలినవి వచ్చాయి. ఇప్పుడు 31 ఇళ్ళు ఉన్నాయి, కొందరు ఏడాదికి ఒకసారి, కొందరు రెండుసార్లు. అంతకు మించి తీసుకోము. పగటి ఉద్యోగం ఉన్నది, మోకాళ్ళు కూడా అంతకు మించి ఒప్పుకోవు.

ఒక్కొక్క ఇంటికి నోటుబుక్కులో ఒక పేజీ ఉన్నది. కింద ఎన్ని అద్దాలు, పైన ఎన్ని, టెంపర్డ్ ఎక్కడెక్కడ, సీలు పోయినవి ఏవి, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ముగించాము, ఎంత ఇచ్చారు, ఏ వైపు ఎప్పుడు నీడ వస్తుంది, తోట కుళాయి ఎక్కడున్నది. కుక్క ఉంటే దాని పేరు కూడా వ్రాసుకుంటాము. మరుసటి ఏడు గేటు తీసేటప్పుడు అన్నిటికన్న ముందు పనికివచ్చేది అదే.